గోడ ఇచ్చే గడువు

స్విచ్చి తప్పు వైపు ఉందని ముందు చూసింది మరిదే. చూసి, అక్కడే కూలబడ్డాడు. యాంప్లిఫయర్ల గదిలో కుర్చీలుండవు. కేబుళ్ల చుట్ట మీద కూర్చుని, పైన పనిలో ఉన్న వదినకి ఫోను చేసి, ఒకసారి కిందికి రమ్మన్నాడు. ఎందుకని అడిగితే నీళ్లు నమిలాడు.

ఆవిడ దిగి రాగానే చేత్తో చూపించాడు. బీరువాల్లా వరసగా నిలబడ్డ యాంప్లిఫయర్ల చివర పెద్ద పిడి ఉన్న స్విచ్చి ఒకటుంది. పిడి పైకి ఉంటే కరెంటు యంత్రం చుట్టూ ఉన్న కాయిళ్లకు పోతుంది. కిందికి దించితే పక్కన పంజరంలో ఉన్న రెసిస్టర్లలోకి పోతుంది. వాటిని డమ్మీ లోడ్ అంటారు. యాంప్లిఫయర్లు సరిగా ఉన్నాయో లేదో చూడాలంటే కరెంటును అందులోకి వదిలి, వేడి చేసి పారేస్తారు. చూడటం అయ్యాక పిడి మళ్లీ పైకెత్తాలి. మరిది వారం మొదట్లో ఆ పరీక్ష చేశాడు. పిడి ఎత్తడం మరచిపోయాడు.

కరెంటు కొలిచే మీటరు స్విచ్చికి ముందుంది. అందుకని పైన కంట్రోల్ రూములో తెరల మీద అంతా సలక్షణంగానే కనబడింది. యంత్రాన్ని ఒక్కసారి వెలిగిస్తే దాన్ని ఒక షాట్ అంటారు. వారమంతా జరిగిన ప్రతి షాట్‌లోనూ కాయిళ్లను నడిపే కంట్రోలు పెట్టె చెప్పింది చెప్పినట్టు యాంప్లిఫయర్లు కరెంటు పోశాయి, ఆ కరెంటు పంజరంలో రెసిస్టర్లను కాచింది. కాయిళ్లకు చుక్క కూడా చేరలేదు. అయినా ఆ వారం ప్లాస్మా ఎన్నడూ లేనంత బుద్ధిగా నిలబడింది. డైరెక్టరు అందరికీ కాఫీలు కూడా ఇప్పించాడు.

“పిడి ఎత్తేశాను వదినా,” అన్నాడు మరిది. “ఇంక దీని సంగతి ఎవరికీ తెలియక్కర్లేదు.”

ఆవిడ పంజరం మీద చెయ్యి పెట్టి చూసింది. ఇంకా గోరువెచ్చగా ఉంది.

ఒక పిడి సంగతి అంత ప్రాణం మీదికి ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ముందు ఆ యంత్రం గురించి రెండు ముక్కలు చెప్పాలి. లారీ టైరులో ట్యూబు ఉంటుంది కదా, ఆ ఆకారంలో ఒక లోహపు గది. దాని లోపల సూర్యుడి కడుపులో కంటే వేడిగా కాగే ప్లాస్మా. దాన్ని ఏ పాత్రా పట్టలేదు కాబట్టి అయస్కాంతాలతో గోడకు తగలకుండా గాల్లో నిలబెడతారు. నిలబెట్టినంతసేపు బాగానే ఉంటుంది. ఒత్తిడి పెంచుతూ పోతే మాత్రం పాత ట్యూబు ఉబ్బినట్టు ఒక పక్క ఉబ్బుతుంది. ఆ ఉబ్బు గోడను తాకిందంటే షాట్ పోయినట్టే, గోడ కూడా కాలుతుంది.

అదృష్టం ఏమిటంటే చుట్టూ ఉన్నది లోహపు గోడ. ప్లాస్మా ఉబ్బగానే గోడలో కరెంట్లు పుట్టి దాన్ని వెనక్కి నెడతాయి. దురదృష్టం ఏమిటంటే ఏ లోహమైనా కరెంటుకు ఎంతో కొంత అడ్డు పడుతుంది, ఆ కరెంట్లు కాసేపటికి చల్లారిపోతాయి. కాసేపు అంటే సెకనులో వెయ్యో వంతులు కొన్ని. అవి చల్లారగానే ఉబ్బు మళ్లీ మొదలవుతుంది. గోడ ఆపదను ఆపదు, గడువు మాత్రం ఇస్తుంది. ఆ గడువు ఎంతో లెక్కగట్టడమే ఆవిడ ఇన్నేళ్లుగా చేస్తున్న పని. అందుకే అక్కడ ఆవిణ్ని అందరూ గోడ మేడం అంటారు, ఎదురుగానే అంటారు. ఆవిడ కూడా పలుకుతుంది.

గోడ గడువు ఇస్తే సరిపోదు, దాన్ని వాడుకునేవాడు కావాలి. ఆ పని చెయ్యడానికే ఆవిడ భర్త పెట్టె తయారుచేశాడు. ఉబ్బు ఎక్కడ మొదలైందో కనిపెట్టి, గోడ ఇచ్చిన గడువు లోపల కాయిళ్లలోకి కరెంటు పంపి దాన్ని అణిచే పెట్టె. ఎంత వేగంగా పనిచెయ్యాలో ఆవిడ చెప్పింది, అంత వేగంగా పనిచేసేలా ఆయన కట్టాడు. ఆయన తమ్ముడు, ఈ మరిదే, యాంప్లిఫయర్లు పెట్టాడు. తమ్ముడు దాన్ని అన్నయ్య పెట్టె అనేవాడు. విని విని చివరికి అన్నయ్య కంటే వయసులో పెద్దవాడైన డైరెక్టరు కూడా అన్నయ్య పెట్టె అనడం మొదలెట్టాడు. పెట్టె పూర్తయిన ఏడాదే అన్నయ్య పోయాడు.

ఇప్పుడు ఇంకెక్కడో దీనికి పదింతల యంత్రం కడుతున్నారు. అందులో అన్నయ్య పెట్టెనే పెద్దది చేసి పెడదామనీ, దానికి ఆయన పేరు పెడదామనీ డైరెక్టరు మాటిచ్చాడు. పై వారం ఆ మీటింగే. అత్తగారు అప్పుడే ఇరుగుపొరుగంతా చాటేశారు. మావాడి పెట్టె లేకపోతే ఆ నిప్పు క్షణం నిలబడదట అని ఆవిడ చెబుతుంటే, విన్నవాళ్లు ఆ నిప్పు ఈ వీధిలోనే ఎక్కడో ఉందన్నట్టు భయంగా చూసేవారు. ఇంట్లో కరెంటు పోయినా ఆవిడది ఒకటే మాట, వాడుంటే దీనికీ ఒక పెట్టె చేసేవాడు అని.

ఆ పిడితో వచ్చిన చిక్కు అది. వారమంతా పెట్టె ప్లాస్మాను ముట్టుకోనే లేదు, ప్లాస్మా మాత్రం నిలబడే ఉంది. అంటే దాన్ని నిలబెడుతున్నది పెట్టె కాదు.

మరి ఎవరు? ఆవిడకు అది తట్టడానికి మెట్లు ఎక్కినంతసేపు కూడా పట్టలేదు. బీములు. ప్లాస్మాను వేడి చెయ్యడానికి పక్క కిటికీల్లోంచి పరమాణువులను జల్లుగా కొడతారు. అన్నీ ఒకే వైపు నుంచి కొట్టడంతో ప్లాస్మా గిర్రున తిరుగుతుంది. తిరిగేదానిలో ఉబ్బు ఒక్కచోట నిలవదు. గోడలో కరెంటు ఒకచోట చల్లారేలోగా ఉబ్బు ఇంకో చోటికి పోతుంది, అక్కడ కొత్త కరెంటు పుడుతుంది. తిరిగినంతకాలం గోడ గడువు అయిపోదు. ఇంత చిన్న సంగతిని ఇన్నాళ్లూ ఎవరూ తరచి చూడలేదు. పెట్టె ఆన్‌లో ఉంది, ప్లాస్మా నిలబడింది, పెట్టె మెడలో దండ వేశారు. ఆవిడ కూడా వేసింది.

పెద్ద యంత్రంలో ప్లాస్మా అలా తిరగదు. అంత బరువును తిప్పడం బీముల వల్ల కాదు. అక్కడ పెట్టె ఒంటరిగా నిలబెట్టాలి. నిలబెట్టలేకపోతే ఒక్క షాట్‌లో గోడ కరుగుతుంది.

మర్నాడు ఆవిడ మరిదితో తేల్చి చెప్పింది. సగం బీములు ఈ వైపు నుంచీ సగం ఎదురువైపు నుంచీ కొడదాం, ఒకదాని తిప్పుడు ఒకటి కొట్టేస్తుంది, ప్లాస్మా ఆగుతుంది, అప్పుడు పెట్టె సంగతి చూద్దాం అంది. అతను ఒంటికాలి మీద లేచాడు. మీటింగు ముందు ఇదేం పని అన్నాడు. యంత్రం పాతదయిందన్నాడు, గోడ పలకలు ఊడతాయన్నాడు, డైరెక్టరు ఒప్పుకోడన్నాడు. అతను చెప్పినవన్నీ నిజాలే. కానీ ఇన్ని నిజాలు ఒక్కసారి చెప్పేవాడు కాదు ఆ మనిషి. ఆవిడ ఆ సంగతి గమనించకపోలేదు, అన్నయ్య మీద ప్రేమ అనుకుని ఊరుకుంది.

చివరికి అతను గొంతు తగ్గించాడు. “వద్దు వదినా. పెట్టెని పెట్టెలా ఉండనివ్వండి.”

“అది నిలబడుతుంది,” అంది ఆవిడ. “నిలబడుతుందని నాకు తెలుసు. నలుగురికీ తెలియాలి, అంతే.”

అది పూర్తిగా నిజం కాదు. ఆవిడకు భయంగానే ఉంది. కానీ ఆయన కట్టినదాన్ని నమ్మకపోతే తనకింక నమ్మడానికి ఏం మిగిలిందని మొండికేసింది. పిడి సంగతి డైరెక్టరుకు ఆవిడే చెప్పింది, మరిది పేరు రాకుండా పరీక్ష తర్వాత స్విచ్చి అలా ఉండిపోయింది అని మాత్రం చెప్పింది. ఆయన చాలాసేపు బుర్ర గోక్కున్నాడు. పెదవి విరిచాడు. ఆవిడ ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకమని ఆయనకు తెలుసు, ఇప్పుడు కాదంటే మీటింగులో అడుగుతుంది. సరే, ఒకే ఒక్క షాట్ అన్నాడు.

షాట్ మధ్యాహ్నం పెట్టారు. కంట్రోల్ రూములో ఊరికే వచ్చి నిలబడ్డవాళ్లే ఎక్కువ. మరిది కిందికి వెళ్లి పిడి పైకి ఉందని చూసి వచ్చాడు, మళ్లీ వెళ్లి ఇంకోసారి చూసి వచ్చాడు. ఆపరేటరు వరసగా అన్నీ అడిగి, సరే అనిపించుకుని, బటన్ నొక్కాడు. ఎప్పట్లాగే పక్క హాల్లోంచి బరువైన వస్తువేదో కింద పెట్టినట్టు చప్పుడు వచ్చింది.

ప్లాస్మా లేచింది. ఒత్తిడి పెరిగింది. తెర మీద తిరుగుడు చూపే గీత మెల్లగా కిందికి దిగుతూ వచ్చి, సున్నాకి ఆనుకుంది. ఉబ్బు మొదలైంది. పెట్టె దాన్ని వెంటనే పట్టుకుంది, యాంప్లిఫయర్లు కరెంటు పోశాయి, ఈసారి కాయిళ్లలోకే పోశాయి. ఒక్క క్షణం ఉబ్బు తగ్గినట్టే తగ్గింది. తర్వాత పెట్టె ఎంత నెడితే అంతకు మించి పెరిగింది. పెట్టె దాని వెనకాల పరిగెడుతోంది గానీ అందుకోలేకపోతోంది. కెమెరా తెర తెల్లబడింది, ఆరిపోయింది. హాల్లోంచి వచ్చిన చప్పుడుకు బల్ల మీద కాఫీ కప్పులు కదిలాయి.

ఇదంతా రెప్పపాటు కాలంలో అయిపోయింది. మనం చెప్పుకోవడానికే ఇంతసేపు.

గోడ పలకలు కొన్ని పగిలినట్టు సాయంత్రానికి తేలింది. ఆవిడ మాత్రం అప్పటిదాకా కుర్చీలోంచి లేవలేదు. గీతలు ముందేసుకుని, పెట్టె ఎక్కడ వెనకబడిందో వేలితో చూపిస్తూ తనలో తానే లెక్కపెట్టుకుంది. గడువు లోపల రావలసిన కరెంటు గడువు దాటాక వచ్చింది. అంతవరకే చూసింది. గడువు నిజంగా ఎంతో చూడాలని ఆవిడకు తోచలేదు. అది తనకు తెలిసిన సంగతే కదా.

మీటింగులో ఆవిడే లేచి చెప్పింది. గొంతు వణకకుండా చెప్పాలని ఇంట్లో అద్దం ముందు రెండుసార్లు అనుకుని వచ్చింది. “పెట్టె నెమ్మది. గోడ ఇచ్చిన గడువులో అది పని పూర్తి చెయ్యలేకపోయింది. దీన్ని నమ్ముకుని పెద్ద యంత్రం కట్టకూడదు.” అందరూ బల్ల కేసి చూశారు. డైరెక్టరు చాలా మర్యాదగా, చాలా బాధగా, పెట్టెను పక్కన పెడదామన్నాడు. పేరు మాట ఎవరూ ఎత్తలేదు. బయటికి వస్తుంటే వెనక ఎవరో అన్నారు, మొగుడి పేరు తన చేత్తోనే చెరిపేసుకుందని. ఆవిడకు వినబడింది. నిజమే కదా అనుకుంది. తల మాత్రం ఎత్తుకునే నడిచింది. చేసింది తప్పు కాదన్న ధైర్యం ఒక్కటే అప్పుడు ఆవిడకు మిగిలింది.

మరిది యాంప్లిఫయర్ల గదిలో ఉన్నాడు. పెట్టెను ర్యాకులోంచి విప్పుతున్నాడు. ఇంత తొందరెందుకు అని అడిగింది ఆవిడ. పానా కింద పెట్టాడు. చాలాసేపు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

“పెట్టె నెమ్మది కాదు వదినా,” అన్నాడు.

“గీతలు నువ్వూ చూశావుగా.”

“చూశాను. మీరు చెప్పిన గడువుకి అది సరిగ్గానే కట్టాడు అన్నయ్య. గోడే అంత గడువు ఇవ్వదు. మీ లెక్కలో సగమే ఇస్తుంది.”

ఆవిడకు ముందు కోపం వచ్చింది. గోడ గురించి తనకు చెబుతాడా అని. అతను తలెత్తకుండా చెప్పుకుపోయాడు. బీముల కోసం గోడకు పెద్ద పెద్ద కిటికీలు కోశారు. బీములు వచ్చేదాకా వాటికి మందపాటి లోహపు మూతలు బిగించి ఉంచారు. ఆవిడ లెక్క చేసింది ఆ మూతలున్న డ్రాయింగు పెట్టుకుని. తర్వాత బీములు పెట్టినప్పుడు మూతలు తీసేశారు. కరెంటుకు తిన్నగా పోయే దారి లేకపోయింది, ఆ పెద్ద రంధ్రాల చుట్టూ తిరిగి పోవాలి, సగం దారిలోనే చల్లారిపోతుంది.

మూతలు తీసిన రోజు ఆవిడ అక్కడే ఉంది. క్రేన్ వాటిని దించుతుంటే పక్కన నిలబడి చూసింది కూడా. ఆ తర్వాత రోజూ ఆ కిటికీల పక్కనుంచే నడిచింది. లెక్కలో మాత్రం మూతలు అలాగే బిగించి ఉండిపోయాయి. ఇలాంటి తప్పు తెలియనివాడు చెయ్యడు. తెలిసినవాడికే, ఒకసారి చేశాను కదా అని మళ్లీ చూడనివాడికే, చేతనవుతుంది.

“ఆయనకి తెలుసా?”

“అన్నయ్యే కొలిచాడు. ప్లాస్మా లేకుండా, కాయిళ్లలోకి కరెంటు కొట్టి, గోడ ఎంతసేపట్లో చల్లారుతుందో చూశాం. నేనూ ఉన్నాను.”

“నాకెందుకు చెప్పలేదు?”

అతను మళ్లీ పానా అందుకున్నాడు. ఆవిడ మళ్లీ అడిగింది. అప్పుడు చెప్పాడు.

“అప్పటికే డాక్టరు చెప్పేశాడు వదినా. అన్నయ్య అన్నాడూ, ‘మీ వదినకి చెప్పామనుకో, మళ్లీ లెక్కలు ముందేసుకుని ఆర్నెల్లు తలెత్తదు. నా దగ్గర ఆర్నెల్లు లేవురా. నేను పోయాక నువ్వు చెప్పు.’ నాకు ధైర్యం చాల్లేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఇంతదాకా తెచ్చాను.”

ఆవిడ మెట్లెక్కి తిన్నగా డైరెక్టరు గదికి పోయింది. పెట్టె తప్పు కాదు, నా గోడ లెక్క తప్పు, నేను మీటింగులో చెప్పింది మార్చి రాయండి అంది. ఆయన ఆవిణ్ని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాడు. తప్పకుండా మార్చి రాస్తాననీ, కానీ పెద్ద యంత్రం వాళ్లు మీటింగు నుంచే వేరే దారి ఖాయం చేసుకుని వెళ్లారనీ చెప్పాడు. ఎవరి తప్పయినా ఇప్పుడు చేసేదేమీ లేదు మేడం అన్నాడు. పాపం, ఓదార్చడానికే అన్నాడు.

స్కూటరు మీద ఇంటికి పోతున్నంతసేపు ఆవిడకు ఆయన చివరి నెలలే కళ్లముందు ఆడాయి. పెట్టె పూర్తయింది, గోడ లెక్క ఒడ్డున పడింది, ఇంక తీరికే అనుకోవలసిన నెలలు. ఆ తీరిక చూసే డైరెక్టరు పెద్ద యంత్రం గోడ లెక్క చేతికిచ్చాడు, ఆవిడ ఎగిరి గంతేసి ఒప్పుకుంది. పొద్దున్నే ఆయన్ని అత్తగారికి అప్పజెప్పి వెళ్లిపోయేది. మొదట్లో ఒకటి రెండుసార్లు ఆయన అడిగాడు, ఇవాళ కూడా వెళ్లాలా అని. తర్వాత అడగడం మానేశాడు. సాయంత్రం వచ్చి ఆ రోజు ఎంతవరకు వచ్చిందో చెబితే కుర్చీలో కూర్చుని శ్రద్ధగా వినేవాడు. ఆయన ఎలా ఉన్నారని ఎవరైనా అడిగితే, నిలకడగానే ఉన్నారండీ అనేది. రోజూ కూర్చునే కనబడుతున్నారు కదా అని ధీమా. ఆ ధీమాతోనే చివరి రోజు కూడా వెళ్లింది.

తలుపు అత్తగారు తీశారు. మీటింగు ఏమైందని అడుగుతారని ఆవిడకు తెలుసు, ఆ మాట రాకముందే తానే చెప్పేసింది. పెట్టె పెట్టడం లేదత్తయ్యా, తప్పు ఆయనది కాదు, నాది అంది. అత్తగారికి లెక్కలు తెలియవు. కోడలి మొహం చూసి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకురాబోయారు.

“అత్తయ్యా, ఆ చివరి నెలల్లో నేను వెళ్లాక ఆయన పగలంతా ఏం చేసేవారు?”

అత్తగారు పట్టుకున్న చెయ్యి వదిలారు.

“ఏం చేస్తాడమ్మా, పడుకునేవాడు. లేచే ఓపిక ఎక్కడిది? నువ్వొచ్చే వేళకి లేపి, మొహం కడిగి, కుర్చీలో కూర్చోబెట్టమనేవాడు. పొద్దున్నుంచీ అలాగే కూర్చున్నాడని నీకు చెప్పమనేవాడు.” అత్తగారు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. “నేనూ అలాగే చెప్పేదాన్ని.”

కోడలు గుమ్మంలోనే కూర్చుండిపోయింది. లోపలికి రమ్మని అత్తగారు రెండుసార్లు పిలిచారు. లేవలేకపోయింది. చీకటి పడుతుంటే అత్తగారే వచ్చి పక్కన కూర్చున్నారు.